చాకు గాడిలో ఏముంది

అడెరితు మావయ్య జేబులోని మడత చాకు మూడుసార్లు బయటికి వస్తేగాని ఆ ఇంట్లో పొద్దుటి తిండి ముగిసేది కాదు. మొదటిసారి మంచం అంచున కూర్చుని కాలి బొటనవేలి గోరు కింద గీరుకోవడానికి. రెండోసారి కొట్టంలో ఆవుల గిట్టల మధ్య ఇరుక్కున్న పేడనీ రాళ్ళనీ పెకలించడానికి. మూడోసారి బల్ల దగ్గర రొట్టె కోయడానికి. రెండో పనికీ మూడో పనికీ మధ్య ఆ చాకుకు జరిగే శుభ్రమల్లా ప్యాంటు తొడ మీద అటొక రుద్దు, ఇటొక రుద్దు.

లుసీలియా ఎదురుగా కూర్చుని ఇదంతా చూసేది. నల్లటి రై రొట్టె మీద చాకు దిగిన చోట బూడిదరంగు గీత ఒకటి పడేది. ఆమె కళ్ళు ఆ గీత మీదే ఉండిపోయేవి.

"తినవేం పిల్లా?" అనేవాడు మావయ్య, ముక్కను చాకు కొనకు గుచ్చి ఆమె వైపు చాచి. "పట్నంలో ముక్కముక్కకీ ప్రార్థన చేసి తింటారా ఏంటి?"

"ఆకలిగా లేదు మావయ్యా."

కడుపు మాడిపోతూనే ఉండేది. ఆయన కొట్టంలోకి వెళ్ళాక రొట్టెను రెండో వైపు నుంచి చేత్తో తుంచుకుని, గోడవైపు తిరిగి తినేది.

ఆమె పట్నంలో తొమ్మిదేళ్ళు బడిపిల్లల వంటశాలలో పనిచేసింది. అక్కడ కత్తులను పనికి ముందోసారి, పని అయ్యాక ఓసారి మరిగే నీళ్ళలో వేసేవాళ్ళు. పోయిన శరదృతువులో మావయ్య చెస్ట్‌నట్ చెట్టు కింద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆయనకు పెళ్ళాం బిడ్డల్లేరు. ఆరు ఆవులున్నాయి. వాటిని చూసే మనిషి లేక లుసీలియా ఉద్యోగం మానుకుని ఆ సరిహద్దు ఊరికి తిరిగి వచ్చింది. కొండ దిగితే ఏరు, ఏరు దాటితే స్పెయిన్. ఊళ్ళో మిగిలినవి పద్నాలుగు ఇళ్ళు.

ఏటి ఒడ్డు పచ్చిక ఆ పద్నాలుగు ఇళ్ళకూ ఉమ్మడి. ఊరి కచేరీ గదిలో నిలువెత్తు కర్ర ఒకటి ఉంటుంది. దాని మీద ఇంటికొక గీత. మార్చి నెల మొదటి ఆదివారం ప్రతి ఇంటి పెద్దా వచ్చి, తన జేబులోంచి తన చాకు తీసి, తన గీత మీద ఒక గంటు పెట్టాలి. గంటు పడని ఇంటి పశువులు మళ్ళీ మార్చి దాకా పచ్చికలో అడుగు పెట్టడానికి లేదు. అరువు చాకు పనికిరాదు. వంటింటి కత్తి పనికిరాదు. ఇంటికి కొత్తగా పెద్దయిన మనిషైతే ముందు అదే చాకుతో రొట్టె కోసి అందరికీ పెట్టాలి. అందరూ తిన్నాకే గంటు.

కర్ర ఊతంతో నడిచే మావయ్య ఇక ఆవుల వెంట ఏటికి దిగలేడు. ఈ ఏడు ఆ ఇంటి గంటు లుసీలియా పెట్టాలి. కొట్టంలో ఎండుగడ్డి మరో మూడు వారాలకు కూడా చాలదు. గంటు పడకపోతే ఆవుల్ని కసాయి లారీ ఎక్కించడమే.

"చాకుదేముందే, నాది లేదూ!" అన్నాడు మావయ్య. "మా నాన్నది. నా తరవాత నీది. ఇదిగో, ఇప్పుడే పట్టుకో."

ఆమె అరచేతిలో పెట్టాడు. ఇంకా ఆయన జేబు వేడి దాని మీద ఉంది. పిడి కొయ్యదే గాని కొయ్య కనిపించడం లేదు. చెమటా కొవ్వూ పేరుకుని తోలు తొడిగినట్టుంది. ఆమె చాకు విప్పింది. పులిసిన కొవ్వు వాసన గుప్పుమంది. దాని అడుగున పశువుల కొట్టం కంపు, దానికీ అడుగున పేరు పెట్టలేని మరేదో. పిడిలో అలుగు ముడుచుకుని కూర్చునే గాడిని వెలుగు వైపు తిప్పి చూసింది. పొయ్యిగొట్టం లోపలిలాగా నల్లగా ఉంది.

ఆమె గబగబా కుళాయి దగ్గరికి నడిచింది.

"నీళ్ళా!" మావయ్య ఊతకర్రను నేలకేసి కొట్టాడు. "చాకుకి నీళ్ళేంటే! పిడి ఉబ్బిపోదూ? ఉక్కు తుప్పు పట్టదూ? మా నాన్న యాభై ఏళ్ళు వాడాడు, నేను యాభై ఏళ్ళు వాడుతున్నా, దీని మీద చుక్క నీరు పడలేదు."

"మరి శుభ్రం చేసేదెలా?"

"ఎలాగంటే ఇలాగ." చాకు లాక్కుని రొట్టెముక్క తీసుకున్నాడు. అలుగును దాని మీద ఈ వైపొకసారి, ఆ వైపొకసారి గట్టిగా ఒత్తి తుడిచాడు. రొట్టె మీద రెండు నల్లటి చారలు పడ్డాయి. ఆ ముక్కను నోట్లో వేసుకుని నమిలాడు.

ఆయనే కాదు, ఊరంతా అంతే. చాకును రొట్టెతో తుడవడం, ఆ రొట్టె తినడం. రొట్టె పారేస్తే పాపం, చాకు కడిగితే దండగ.

లుసీలియా తన గదిలోకి వెళ్ళి, కొత్త చాకు కోసం పన్నెండు యూరోలు లెక్కపెట్టి పక్కన పెట్టుకుంది.

*

గురువారం సంత. నోర్బెర్తు అనే చాకుల అంగడివాడు తన బండి వెనక తలుపు తెరిచి, అడ్డంగా పలక వేసి, దాని మీద నలభై యాభై చాకులు పరిచాడు. భారీ మనిషి. ఉన్ని బనీను చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి. కుడి చెయ్యి ఎలుగుబంటి చెయ్యిలా ఉంది. ఎడమ చెయ్యి మాత్రం ఈకలు పీకిన కోడిలా నున్నగా ఉంది.

ఎందుకలా ఉందో లుసీలియాకు వెంటనే తెలిసింది.

"పదును చూస్తావా అమ్మాయ్?" అంటూ అతను ఒక చాకు తీశాడు. సానరాయి మీద కాండ్రించి ఉమ్మి నాలుగు రుద్దులు రుద్దాడు. మోచేతి దగ్గర మిగిలిన నాలుగు వెంట్రుకల మీద చాకు ఆడించాడు. అవి అలుగు మీదికి వచ్చి చేరాయి. ఉఫ్‌మని ఊదాడు. వెంట్రుకలు ఎగిరి పక్కనున్న గొర్రెపాల జున్ను మీద వాలాయి. అదే చాకుతో ఆ జున్నులోంచి ముక్క కోసి ముందుకు చాచాడు.

"తిను. వెన్నలా దిగింది చూశావా?"

"పళ్ళు నొప్పి," అంది లుసీలియా.

అతను భుజాలెగరేసి ఆ ముక్క తనే నోట్లో వేసుకున్నాడు. ఆమె చూపు చాకుల మీదికి మళ్ళించుకుంది. పదును సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. తొమ్మిదేళ్ళు ఉల్లిపాయలు తరిగింది.

మొదట పిడి మీద ఎర్ర కోడిపుంజు బొమ్మ ఉన్న తళతళల చాకు తీసింది. ఎనిమిది యూరోలు. అలుగు విప్పి కొన పట్టుకుని అటూ ఇటూ ఆడించింది. ముసలివాడి పన్నులా ఊగింది. కింద పెట్టేసింది.

"అది సందర్శకులకు," అన్నాడు నోర్బెర్తు తనే ఒప్పుకుంటూ. "వాళ్ళు బల్ల మీద పెట్టుకుని చూస్తారు. కోయరు. నీకు నిజమైంది కావాలంటే ఇదిగో."

పసుప్పచ్చటి గట్టి కొయ్య పిడి, నల్ల ఉక్కు అలుగు. విప్పేటప్పుడు బిగువుగా కదిలి, విప్పాక కదలకుండా నిలిచింది. వెన్ను మందంగా ఉంది, అంచుకు వచ్చేసరికి కాగితమంత పల్చన. పంతొమ్మిది యూరోలు. ఆమె అనుకుని వచ్చింది పన్నెండు. అయినా ఆ చాకు మీద మనసు పడింది. చేతిలో తిప్పింది. ఆపైన, అలవాటైపోయిందేమో, జడలోంచి పిన్ను తీసి గాడిలో దూర్చి లోతు చూసింది.

"ఏం చేస్తున్నావ్?"

"అడుగు మూసుకుపోయి ఉంది."

"మూసుకోక? అదేమన్నా పిల్లనగ్రోవా?"

"ఇందులో దూరింది మళ్ళీ బయటికెలా వస్తుంది?"

నోర్బెర్తు సానరాయి పక్కన పెట్టాడు. "ముప్ఫై రెండేళ్ళుగా చాకులమ్ముతున్నా. అలుగు చూస్తారు, పిడి చూస్తారు, బేరమాడతారు, నా తల తింటారు. గాడిలో తొంగిచూసిన మనిషివి నువ్వొక్కదానివే. ఏం దూరుతుంది అందులో?"

"మా మావయ్య చాకు చూస్తే అడగవు."

ఆమె ఒక్కొక్కటే తీసి, విప్పి, గాడి చూసి, కింద పెట్టసాగింది. అన్నీ అడుగు మూసుకుపోయినవే. వెనక నిలబడ్డ రైతొకడు విసుక్కుని వెళ్ళిపోయాడు. అప్పుడామె కన్ను బండిలోపల తాళ్ళ కట్ట మీద పడి ఉన్న చాకు మీద పడింది. దాని పిడిలోంచి కింద తాళ్ళు కనిపిస్తున్నాయి.

"అదేంటి?"

"అదా? వదిలెయ్. మా బావమరిది పిడులు కోస్తాడు. ఓరోజు తాగొచ్చి రంపం మీద కూర్చున్నాడు. గాడి ఆపాల్సిన చోట ఆపకుండా వెనకదాకా కోసేశాడు. రెండు చివర్లా అతుక్కుని ఉంది కాబట్టి విడిపోలేదు. అమ్మలేక తాళ్ళు తెంపుకోవడానికి నేనే ఉంచుకున్నా."

ఆమె చెయ్యి చాచింది. అతను మొహమాటపడుతూ ఇచ్చాడు. అలుగు ఆ పంతొమ్మిది యూరోల చాకుదే, అదే ఉక్కు, అదే బిగువు. పిడి వెన్ను నిలువునా తెరుచుకుని ఉంది. లుసీలియా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి గాడిలో పోసింది. నీళ్ళు ఇటు నుంచి దూరి అటు నుంచి ధారగా కారిపోయాయి, తాళ్ళ పీచు ముక్కల్ని మోసుకుంటూ.

"అయ్యో, నీళ్ళు పోస్తావేంటమ్మా చాకు మీద!"

"ఎంత?"

"దానికి నేను ధర కట్టలేదు. సిగ్గు." గడ్డం గోక్కున్నాడు. "అయిదివ్వు. ఎక్కడ కొన్నావని ఎవరడిగినా నా పేరు మాత్రం చెప్పకు."

ఇంటికొచ్చి దాన్ని సబ్బుతో, కుంచెతో మూడుసార్లు తోమి, బట్టతో ఒత్తి ఆరబెట్టి, పిడికీ అలుగుకీ ఆలివ్ నూనె రాసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నూనె వాసన, కొయ్య వాసన. ఆ రాత్రి భోజనంలో తన రొట్టె తనే కోసుకుని కడుపునిండా తింది.

*

ఆదివారం చర్చిలో పూజ ముగిశాక పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ కచేరీ గదికి చేరారు. పొడవాటి బల్ల మీద తెల్లటి నారగుడ్డ, దాని మీద బండి చక్రమంత రై రొట్టె, కూజాలో సారా. ఆ ఏడాది ఊరిపెద్ద బెల్మీరు తాత గంట్ల కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు.

"అడెరితు ఇంటికి కొత్త పెద్ద," అని ప్రకటించాడు. "చాకు తియ్యి తల్లీ, రొట్టె కొయ్యి."

లుసీలియా తన చాకు తీసి విప్పింది.

ఆ వెంటనే సిల్వాను నవ్వాడు. ఎక్కడ ఏ సమావేశం జరిగినా మొదట నోరు విప్పే మనిషి అతను.

"దువ్వెనా అది? అమ్మాయ్, రొట్టెకి జడేస్తావా ఏంటి?"

"వెన్ను విరిగిన చాకు!"

"ఎండాకాలం గాలాడ్డానికేమో!"

నవ్వులు గోడలకు తగిలి తిరిగి వచ్చాయి. అడెరితు మావయ్య నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. ఊతకర్ర పట్టుకుని లేచి, తన జేబులో చాకు తీసి నారగుడ్డ మీద పెట్టాడు.

"ఇదీ మా ఇంటి చాకు. నూరేళ్ళది. ఆ చిల్లుల పీకతో మా ఇంటి గంటు పెట్టనివ్వను. నా గీత కర్ర మీద ఖాళీగా పోయినా సరే."

"మావయ్యా, గంటు పడకపోతే ఆవులు..."

"పోతే పోనీ! నవ్వులపాలవడం కన్నా నయం."

బెల్మీరు తాత దవడ కదిలించాడు. "దాని చాకు దానిదే అయినా, విరిగినదాన్ని చాకనొచ్చా అనేది చూడాలి. ఇంట్లో మంచిది పెట్టుకుని ఇదెందుకమ్మా? ఆ పెద్దాయన మనసు కష్టపెట్టుకోకుండా ఆయనది తీసుకో. కొయ్యి."

అందరూ ఆమె వైపు చూశారు. లుసీలియా నలుగురిలో గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. వాదం చెప్పడం రాదు. ఆమె కళ్ళ ముందు లారీ వెనక తలుపు, పైకెక్కనని కాళ్ళు నిగడదన్నే చుక్కల ఆవు కదిలాయి. చెయ్యి చాచి మావయ్య చాకు అందుకుంది.

"హమ్మయ్య," అన్నాడు సిల్వాను. "బుద్ధి వచ్చింది."

ఆమె దాన్ని విప్పింది. ఆ వాసన మళ్ళీ గుప్పుమంది. రొట్టె వైపు చూసింది. పద్నాలుగు నోళ్ళ వైపు చూసింది. రొట్టె మీద అలుగు పెట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ముందుకు సాగలేదు.

జడలోంచి పిన్ను తీసింది. చాకును తెల్లగుడ్డ మీద బోర్లించి, గాడి మొదట్లో పిన్ను దూర్చి, చివరిదాకా ఒక్క లాగు లాగింది.

ముందు నల్లటి మడ్డి ఉండలుగా రాలింది. తారులా మెరుస్తూ, గుడ్డకు అంటుకుంటూ. రెండోసారి లాగింది. ఆవు వెంట్రుకలు బంకతో కలిసి పేనిన తాడులా వచ్చాయి. చేప పొలుసు. గట్టిపడిపోయిన పంది కొవ్వు. ఎండిన పేడ పెచ్చులు. నెలవంకలాంటి పసుప్పచ్చటి కాలిగోరు ముక్క, మందంగా, దాని పక్కనే మరొకటి. మూడోసారి లాగినప్పుడు అడుగున మెత్తగా ఉన్నదేదో ఊడిపడింది. అందులో బియ్యపు గింజంత తెల్లటి పురుగు ఒళ్ళు విరుచుకుంది.

గదిలో ఎవరో ఓకరించారు.

పురుగు గుడ్డ మీద రొట్టె వైపు పాకసాగింది. బెల్మీరు తాత గబుక్కున రొట్టెను వెనక్కి లాక్కున్నాడు.

"రెండేళ్ళ కిందట ఊరిపెద్ద ఎవరు?" నెమ్మదిగా అడిగాడు సిల్వాను. అందరికీ తెలుసు. అడెరితు. ఆ ఏడాది ప్రతి సమావేశానికీ రొట్టె కోసింది ఆ చాకే. "అంటే మనం... పన్నెండు నెలలు..."

"నోరు ముయ్యరా," అన్నాడు బెల్మీరు తాత. ఆయన పెదాలు పాలిపోయాయి.

అప్పుడు ఒక్కొక్కరి చెయ్యే జేబులోకి వెళ్ళడం మొదలైంది. సిల్వాను తన చాకు విప్పి, గాడిలో పుల్ల దూర్చి తీసి, వాసన చూసి, చటుక్కున మూసేశాడు. ఎదురుగా కూర్చున్న యూఫ్రాజియా పెద్దమ్మ మొగుడు పోయినప్పటి నుంచి అతని చాకే వాడుతోంది. ఇప్పుడు దాన్ని రెండు వేళ్ళతో చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"బతికున్నన్నాళ్ళూ ముక్కులో పెట్టేవాడు దీన్ని," అంది ఏడుపు గొంతుతో. "కొనతో... లోపలిదాకా... నేను దీంతోనే మనవలకి ఆపిల్ పండ్లు కోసిపెట్టాను."

"ఇక చాలు తల్లో!" అని ఎవరో చెవులు మూసుకున్నారు.

నారగుడ్డ నాలుగు చెంగులూ మడిచి, పురుగుతో సహా మూట కట్టి పొయ్యిలో వేశారు. చిటపటమని కాలింది. ఆ కమురు కంపు గది నిండా కమ్ముకునేసరికి కిటికీలన్నీ తెరవాల్సి వచ్చింది. చలిగాలి వచ్చింది. ఎవరూ కాదనలేదు.

బెల్మీరు తాత రొట్టెను లుసీలియా ముందుకు జరిపాడు. "నీ దువ్వెనతోనే కొయ్యి," అన్నాడు. "కడిగావా?"

"మూడుసార్లు. సబ్బుతో."

"సబ్బుతోనా!" ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు గది దద్దరిల్లేలా నవ్వేవాళ్ళు. ఇప్పుడు తలలూపారు.

ఆమె కోసింది. గట్టి పెచ్చులోంచి అలుగు సాఫీగా దిగింది. కోసిన చోట గీత లేదు. పద్నాలుగు ముక్కలూ పంచింది. తల దించుకుని, ఒకరినొకరు చూసుకోకుండా, మందులా నమిలి మింగారు. సారాతో పుక్కిలించి మింగినవాళ్ళూ ఉన్నారు.

తరవాత కర్ర. నూరేళ్ళు ఆరిన కొయ్య, ఇనుమంత గట్టిది. లుసీలియా తన ఇంటి గీత మీద అలుగు ఆనించి బలమంతా పెట్టింది. తెరిచిన పిడి రెండు చెక్కలూ నొక్కుకుని ఆమె అరచేతి కండను పట్టుకున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రంపం ఎందుకు అక్కడ ఆపుతారో ఆమెకు అప్పుడర్థమైంది. చెయ్యి వదల్లేదు. రెండో నొక్కుకి చిన్న చెక్కముక్క ఎగిరి నేల మీద పడింది.

బెల్మీరు తాత బొటనవేలితో తడిమి చూశాడు. "పడింది," అన్నాడు.

అడెరితు మావయ్య మాత్రం తన ముక్కను తాకలేదు. మిగిలిన రొట్టె అంచును దగ్గరికి లాక్కుని, తన చాకుతో, అందరూ చూస్తుండగా, ముక్క కోసుకున్నాడు. అలుగును దానికి రెండు వైపులా తుడిచాడు. నోట్లో పెట్టుకుని నింపాదిగా నమిలాడు.

"చప్పగా ఉంది," అన్నాడు. "రుచంతా ఊడబెరికి పొయ్యిలో వేశారు."

యూఫ్రాజియా పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది.

*

మర్నాడు తెల్లవారింది. ఆవుల్ని పచ్చికకు తోలాలని లుసీలియా తొందరగా లేచింది. అరచెయ్యి బొబ్బ కట్టింది. వంటింటి అరలో చాకు కోసం చూసింది. లేదు. బల్ల మీద లేదు. కోటు జేబులో లేదు.

కొట్టంలోంచి మావయ్య ఈలపాట వినిపించింది. మనిషి హుషారుగా ఉన్నాడు.

ఆమె గుమ్మంలో ఆగిపోయింది. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని, చుక్కల ఆవు వెనక కాలిని ఒళ్ళో పెట్టుకుని, గిట్టలో చాకు తిప్పుతున్నాడు. పచ్చటి పేడ పిడిలోకి ఇటు నుంచి దూరి, తెరిచిన వెన్నులోంచి అటు జారి, ఆయన మునివేళ్ళ మీదుగా కారుతోంది.

"నువ్వన్నది నిజమే పిల్లా!" అన్నాడు ముఖం వెలిగిపోతుండగా. "బలే చాకు. ఒక్క పిసరు కూడా ఇరుక్కోవట్లేదు చూడు. ఊరికే జారిపోతోంది! ఉండు, ఈ కాలొక్కటి అయిపోతే ఇచ్చేస్తా, రొట్టె కోసుకుందువుగాని." అని దాన్ని తొడ మీద అటొక రుద్దు, ఇటొక రుద్దు రుద్దాడు.

లుసీలియా ఆవుల్ని విప్పుకుని కొండ దిగింది. ఏటి ఒడ్డున అవి తలలు వంచి కొత్త గడ్డి పట్టుకున్నాక, రాతి మీద కూర్చుని సంచిలోంచి రొట్టె తీసింది. ఏటి నీళ్ళలో చేతులు రెండుసార్లు కడుక్కుంది. రొట్టెను చేత్తో తుంచుకుని తింది.

గురువారం సంత దాకా అలాగే తింది. గురువారం తెల్లవారగానే నోర్బెర్తు బండి దగ్గర నిలబడి, అతని బావమరిది ఈమధ్య మళ్ళీ ఏమన్నా తాగాడా అని అడిగింది.